డిసెంబరులోనే రాజీనామా ఎందుకు అడుగుతున్నారు?

ప్రశ్న: నేను జపాన్‌లో, నగోయాలోని ఒక ఇంగ్లీషు సంభాషణ స్కూల్లో టీచరుని. వయసు 33. ఏడాదికో కాంట్రాక్టు చొప్పున ఇది ఐదోది, మార్చి 31తో ముగుస్తుంది. గత వారం మేనేజరు పిలిచి, విద్యార్థులు తగ్గారనీ, ఏప్రిల్ నుంచి నాకు క్లాసులు ఉండవనీ, డిసెంబరు ఆఖరుకే రాజీనామా ఇస్తే మంచి పేరుతో వెళ్లవచ్చనీ చెప్పి, జపనీస్‌లో ఉన్న ఒక కాగితం ముందు పెట్టారు. మధ్యలో మానేస్తే ఒక నెల జీతం, అంటే 2,40,000 యెన్లు, పట్టుకుంటామని కాంట్రాక్టులో ఉంది. ఇప్పుడు సంతకం పెడితే అది మాఫీ చేస్తారట. పెట్టకపోతే, "మీ వీసా మేమే ఇప్పించాం, ఇమ్మిగ్రేషన్‌కు చెప్పి రద్దు చేయిస్తాం" అన్నారు. నా రెసిడెన్స్ కార్డు గడువు జూన్ 20. మావారు డిపెండెంట్ వీసా మీద ఒక గిడ్డంగిలో పార్ట్‌టైం చేస్తున్నారు. పాప చిన్నది. జూనియర్ హైస్కూల్లో ఏఎల్‌టీ (ఇంగ్లీషు సహాయ టీచరు) ఉద్యోగం ఉంది, ఖాళీ రోజుల్లో వెంటనే మొదలుపెట్టు అని ఒక స్నేహితురాలు అంటోంది. రెండు నెలలుగా ఇక్కడ జీతం కూడా వారం ఆలస్యంగా వస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టేయమంటారా?
– ఒక పాఠకురాలు, నగోయా

సమాధానం: పెట్టకండి. మేనేజరు మళ్లీ పిలిస్తే "కెంతో సాసెతే కుదసాయి" అనండి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇమ్మని మర్యాదగా అడగడం అది. జపాన్ ఆఫీసుల్లో ఆ మాటకు ఎవరూ తప్పు పట్టరు. కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని చెప్పండి. కుదరదంటే అక్కడే వదిలేసి వచ్చేయండి.

ఆ కాగితం నేను చూడలేదు గానీ, పైన 'తైషొకు తొదొకె' అనీ, మధ్యలో 'ఇష్షిన్‌జో నో త్సుగో ని యోరి' అనీ అచ్చై ఉంటుందని పందెం కాయగలను. మొదటిదానికి రాజీనామా పత్రమని అర్థం. రెండోదానికి 'నా సొంత కారణాల వల్ల' అని. మనం ఉత్తరం చివర 'ఇట్లు' అని రాసినంత మామూలుగా అక్కడి రాజీనామాల్లో ఆ ముక్క రాస్తారు. అందుకే దాని బరువు తెలియదు. నాకూ తెలియలేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన స్కూలు ఒక బ్రాంచి మూసేస్తూ మా అందరి దగ్గరా అలాంటి కాగితమే తీసుకుంది. నిరుద్యోగ భృతి కోసం హలో వర్క్ అనే ప్రభుత్వ ఉపాధి ఆఫీసుకు వెళ్తే, కౌంటరులోని పెద్దావిడ స్కూలు ఇచ్చిన 'రిషొకుహ్యో'ను, అంటే ఉద్యోగం ముగిసిందని చెప్పే పత్రాన్ని, నా వైపు తిప్పి, ఉద్యోగం పోవడానికి కారణాలు రాసి ఉన్న గళ్లలో ఒకదాని మీద పెన్ను కొన ఆనించారు. సొంతంగా మానేసినట్టు చెప్పే గడి అది. మూడు నెలలు ఆగాలన్నారు. "నేను మానలేదండీ, వాళ్లే పంపించారు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నా సంతకం ఉన్న రాజీనామా నకలు తీసి, ఆ గడి పక్కన పెట్టారు.

ఆ మూడు నెలల నిరీక్షణ ఇప్పుడు లేదు. 2025 ఏప్రిల్ నుంచి అది ఒక నెలకు తగ్గింది. మీ నష్టం మాత్రం ఆ నెలతో ఆగదు. మీ జీతం చీటీలో 'కోయో హోకెన్' అనే చిన్న కోత ఉందేమో చూడండి. అది ఉద్యోగ బీమా. వారానికి 20 గంటలు, ఆపైన పనిచేసేవారికి తప్పనిసరి. డిసెంబరులో సొంత కారణాలతో మానేసినట్టు నమోదైతే మీకు వచ్చే భృతి 90 రోజులు. మార్చి 31 వరకు పనిచేసి, మీరు కొనసాగుతానన్నా స్కూలే కాంట్రాక్టు పొడిగించలేదని నమోదైతే ఆ నెల నిరీక్షణ ఉండదు, మొదటి 7 రోజులు గడిస్తే చాలు. పైగా మీ వయసువారికి బీమాలో ఐదేళ్లు నిండి ఉంటే 180 రోజులు ఇస్తారు. అంటే సరిగ్గా రెట్టింపు. జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల జీతం ఎలాగూ మీదే. 'మంచి పేరుతో వెళ్లడం' ఖరీదు ఇదీ.

ఇక డిసెంబరే ఎందుకు? మీ ఉత్తరంలో నాకు వాసన తగిలింది 'ఐదో కాంట్రాక్టు' అన్నచోట. జపాన్ కార్మిక ఒప్పందాల చట్టంలో 18వ సెక్షన్ ఒకటుంది, 2013 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఒకే యజమాని దగ్గర గడువున్న కాంట్రాక్టులు కలిపి ఐదేళ్లు దాటితే, ఉద్యోగి అడిగిన మీదట దాన్ని గడువు లేని ఉద్యోగంగా మార్చాలి. యజమాని కాదనడానికి వీల్లేదు. ఏప్రిల్ 1న మీ ఆరో కాంట్రాక్టు మొదలైతే ఆ హక్కు మీ చేతికి వస్తుంది. మార్చి 31న ఆగిపోతే సరిగ్గా ఐదేళ్లు, గీత దాటరు. విద్యార్థులు నిజంగానే తగ్గి ఉండవచ్చు, కాదనను. కాకపోతే టీచరుకు ఐదో ఏడు నిండే వేళకే తగ్గిపోయే విద్యార్థుల గురించి నేను చాలాసార్లు విన్నాను.

మరి మార్చి దాకా ఆగి, పొడిగించకుండా ఊరుకుంటే స్కూలుకు సరిపోదా అని మీకు అనుమానం రావచ్చు. సరిపోదు. పొడిగించకపోవడాన్ని అక్కడ 'యతోయిదొమె' అంటారు, దానికీ చట్టం అడ్డుపడుతుంది. వచ్చే ఏడాదీ ఉంచుతారని ఉద్యోగి నమ్మడానికి తగిన ఆధారం ఉంటే, సరైన కారణం చూపకుండా ఆపడం చెల్లదని 19వ సెక్షన్ చెబుతుంది. అలా తేలితే పాత షరతుల మీదే కాంట్రాక్టు కొనసాగినట్టు లెక్క. నాలుగుసార్లు మారుమాట లేకుండా పొడిగించారు కదా, మీకు అదే ఆధారం. వచ్చే ఏడాది టైంటేబుల్లో మీ పేరున్న కాగితమో, 'వేసవి క్లాసులు మీరే చూడాలి' అన్న సందేశమో దొరికితే ఇంకా మంచిది. ఈ చిక్కంతా లేకుండా పోవాలంటే స్కూలుకు ఉన్న దగ్గరి దారి మీ చేత రాజీనామా రాయించుకోవడమే.

గెలుపు ఖాయమని మాత్రం చెప్పను. మీ కాంట్రాక్టులో 'కోషిన్ జోగెన్' అనే మాట, అంటే పొడిగింపుకు పై పరిమితి, ఉందేమో జపనీస్ బాగా వచ్చిన వారి చేత చూపించండి. 2024 ఏప్రిల్ నుంచి అలాంటి పరిమితి ఉంటే స్పష్టంగా రాసి ఇవ్వాలి. చేరిన రోజు నుంచే 'గరిష్ఠంగా ఐదేళ్లు' అని ఉంటే మీ వాదనకు బలం తక్కువ. నిరుడో మొన్నో కొత్తగా చేర్చి ఉంటే, అలా చేర్చేటప్పుడు కారణం వివరించారా అన్న ప్రశ్న వస్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. సంతకం పెట్టనంత మాత్రాన జనవరిలో మిమ్మల్ని పంపించేయలేరు. గడువు నడుస్తున్న కాంట్రాక్టును మధ్యలో తెంచాలంటే తప్పనిసరి కారణం ఉండి తీరాలని 17వ సెక్షన్. మామూలు తొలగింపు కన్నా ఇది కఠినం. క్లాసులు ఇవ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టినా, ఆ కారణం స్కూలు వైపుదైతే సగటు వేతనంలో కనీసం 60 శాతం చెల్లించాలి.

ఇప్పుడు మీ నిద్ర చెడగొట్టిన మాటకు వద్దాం. మీ రెసిడెన్స్ కార్డు ఒకసారి చేతిలోకి తీసుకోండి. ముందువైపు మీ పేరు, పుట్టిన తేదీ, దేశం, చిరునామా, నివాస హోదా, చేయదగిన పని, గడువు ఉంటాయి. స్కూలు పేరు ఎక్కడైనా కనిపించిందా? ఉండదు. మొదట మీరు వచ్చేటప్పుడు స్కూలు కొన్ని పత్రాలు దాఖలు చేసిన మాట నిజం. హోదా ఇచ్చింది ఇమ్మిగ్రేషన్ శాఖ, ఇచ్చింది మీకు. తీసేయాలన్నా ఆ శాఖే తీసేయాలి, చట్టంలో రాసిన కారణం ఉండాలి, ముందుగా మీ వాదన వినాలి. ఫలానా టీచరు మా దగ్గర మానేశారని స్కూలు తెలియజేయగలదు, అంతవరకే. మీ రాజీనామాకు ఆ బెదిరింపుకు మధ్య ఉన్న వింత చూడండి. సంతకం పెట్టకపోతే వీసా పోతుందన్నారు. నిజానికి వీసాకు చేటు చేసేది సంతకం పెట్టడమే.

ఎలాగంటే, ఉద్యోగం ఆధారంగా వచ్చిన హోదాతో ఉంటూ సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ పని చేయకపోతే హోదా రద్దుకు అదొక కారణం అవుతుంది. నిజంగా ఉద్యోగం వెతుక్కుంటున్నవారి మీద దాన్ని ఊరికే ప్రయోగించరు, అయినా ఆధారాలు దాచుకోవాలి. మీ గడువు జూన్ 20. దానికి మూడు నెలల ముందు, అంటే మార్చి 20 ప్రాంతంలో, పొడిగింపుకు దరఖాస్తు చేయవచ్చు. డిసెంబరులో మానేస్తే ఆ తేదీకి మీరు దాదాపు మూడు నెలలుగా ఖాళీగా ఉన్న మనిషి. మానకపోతే ఆ రోజుకు ఇంకా జీతం అందుకుంటున్న టీచరు. దరఖాస్తు జూన్ 20లోగా ఇచ్చి, నిర్ణయం ఆలస్యమైతే గడువు తర్వాత మరో రెండు నెలల వరకు చట్టబద్ధంగానే ఉండవచ్చు. స్కూలే పొడిగించక ఉద్యోగం పోయినవారిని ఇమ్మిగ్రేషన్ కాస్త వేరుగా చూస్తుంది, వెతుకులాట సమయంలో పార్ట్‌టైంకు అనుమతి అడిగే వీలు కూడా ఉంది. ఇక్కడా మళ్లీ అదే ప్రశ్న: మీరు మానేశారా, వాళ్లు ఆపేశారా?

ఉద్యోగం ఎప్పుడు ముగిసినా, ఆ రోజు నుంచి 14 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కు మీరే తెలియజేయాలి. కొత్తది దొరికినప్పుడు మళ్లీ 14 రోజుల్లో. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. స్కూలు చెబుతుందిలే అని వదిలేసి, తర్వాత పొడిగింపు సమయంలో తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మీవారి సంగతి ఏమిటని మీరు అడగలేదు గానీ, నాకు ఎక్కువ భయం అక్కడే. ఆయన హోదా మీ హోదాను పట్టుకుని ఉంటుంది, మీది నిలిస్తే ఆయనదీ నిలుస్తుంది. అయితే డిపెండెంట్ వీసా మీద అనుమతి తీసుకున్నా వారానికి 28 గంటలు దాటకూడదు. ఇంట్లో ఒక జీతం ఊగిసలాడుతుంటే, గిడ్డంగిలో ఇంకో షిఫ్టు చేస్తే ఏమైందిలే అనిపిస్తుంది. పొడిగింపు వేళ పన్ను పత్రాల్లో ఆ ఆదాయం బయటపడుతుంది. మేనేజరు చేయలేని పని ఆ అదనపు షిఫ్టు చేస్తుంది. రెండు చోట్ల చేస్తున్నా రెండూ కలిపే 28.

నెల జీతం జరిమానా గురించి రెండు మాటలు చాలు. ఉద్యోగి మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని ముందే అంకె రాసుకోవడాన్ని 1947 నాటి కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షన్ నిషేధించింది. మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టులో ఉన్నా ఆ షరతు చెల్లదు. జీతం పూర్తిగా, నేరుగా, ప్రతి నెలా నిర్ణీత తేదీన ఇవ్వాలని 24వ సెక్షన్. విదేశీయులకు వేరే లెక్క లేదు, జాతీయతను బట్టి వేతనంలో, పని షరతుల్లో తేడా చూపకూడదని 3వ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి మాఫీ చేస్తామంటున్నది మీరు అసలు పడని బాకీ.

ఆలస్యమవుతున్న జీతాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2007 అక్టోబరులో, అప్పట్లో జపాన్‌లోకెల్లా పెద్ద సంభాషణ స్కూళ్ల సంస్థ నోవా కుప్పకూలింది. వేలమంది విదేశీ టీచర్లు వీధిన పడ్డారు. అక్కడా ముందు కనిపించిన సూచన జీతాల ఆలస్యమే. మీ స్కూలు అదే దారిలో ఉందని అనడం లేదు. కానీ ఏ తేదీన రావాల్సింది ఏ తేదీన వచ్చిందో బ్యాంకు పుస్తకం నుంచి రాసి పెట్టుకోండి. సంస్థ దివాలా తీస్తే, రావలసిన జీతంలో 80 శాతం వరకు, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వం తరఫున చెల్లించే పథకం ఉంది. దానికి కావలసింది ఇలాంటి కాగితాలే. జీతం చీటీలు, కాంట్రాక్టులు ఐదూ, షిఫ్టుల పట్టికలు, మేనేజరు పంపిన సందేశాలు అన్నీ మీ సొంత ఫోనులోకి ఈ రాత్రే ఎక్కించండి. స్కూలు ఇచ్చిన మెయిల్ ఒక ఉదయం తెరుచుకోకపోవచ్చు.

తర్వాత చేయాల్సింది ఒక చిన్న ఉత్తరం. నాలుగు వాక్యాలు చాలు: ఫలానా తేదీన మీరు నన్ను డిసెంబరు ఆఖరుకు రాజీనామా చేయమన్నారు, నాకు ఆ ఉద్దేశం లేదు, మార్చి 31 తర్వాత కూడా కాంట్రాక్టు కొనసాగించాలని కోరుతున్నాను, పొడిగించకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. 19వ సెక్షన్ రక్షణ కావాలంటే పొడిగింపు మీరు అడిగినట్టు ఉండాలి. నోటిమాటగా అడిగితే రేపు ఎవరికీ గుర్తుండదు. మెయిల్‌లో పంపి, నకలు ఉంచుకోండి. కోపం చూపించకండి, చట్టం పేర్లు కూడా అందులో వద్దు.

సాయానికి ఎక్కడికి వెళ్లాలంటే, జీతం ఆలస్యం, జరిమానా షరతు వంటివి కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయం చూస్తుంది. అందరూ 'రోకి' అంటారు. ఇంగ్లీషులో మాట్లాడే ఫోను సేవ కూడా ఉంది. పొడిగించకపోవడం న్యాయమా కాదా అన్న తగువు మాత్రం రోకి తేల్చదు. చాలామంది అక్కడికి వెళ్లి నిరాశపడి, తమకు హక్కే లేదనుకుని వచ్చేస్తారు. దానికి ఐచి లేబర్ బ్యూరోలో రాజీ ప్రక్రియ ఉంది, కుదరకపోతే కోర్టులో 'రోదో షింపన్' అనే కార్మిక తగువుల విచారణ ఉంది. 2006లో వచ్చిన ఈ పద్ధతిలో మామూలుగా మూడు వాయిదాల్లోపే తేలుస్తారు. లాయరు ఖర్చుకు వెనకాడుతుంటే హోతెరాసు అనే ప్రభుత్వ న్యాయ సహాయ సంస్థను అడగండి.

నా ఓటు యూనియన్‌కు. ఒసాకా జనరల్ యూనియన్, టోక్యోలోని టోజెన్ వంటివి విదేశీ టీచర్ల తగువుల్లో ఏళ్ల తరబడి నలిగినవి. స్కూల్లో మీరొక్కరే అయినా చేరవచ్చు. యూనియన్ చర్చకు పిలిస్తే తగిన కారణం లేకుండా రానని యజమాని అనలేడు. మీ ఎదుట ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోని మేనేజరు, బల్లకు అటువైపు మరో ఇద్దరు కూర్చుంటే జరిమానా షరతు పొరపాటున పడిందని చెప్పడం నేను చూశాను. తోటి టీచర్లలో ఇంకెవరికైనా ఐదో ఏడు నడుస్తోందేమో ఆరా తీయండి.

చివరికి, ఏఎల్‌టీ ఉద్యోగం. మీ స్నేహితురాలు మంచి మనసుతోనే చెప్పింది, కానీ 'వెంటనే మొదలుపెట్టు' అన్నది వినకండి. బయటివారికి రెండూ ఇంగ్లీషు చెప్పడమే. ఇమ్మిగ్రేషన్‌కు అలా కాదు. సంభాషణ స్కూలు టీచరుగా మీ కార్డు మీద 'సాంకేతిక, మానవీయ శాస్త్రాలు, అంతర్జాతీయ సేవలు' అనే పొడవాటి హోదా ఉంటుంది. జూనియర్ హైస్కూల్లో చెప్పడానికి కావలసింది 'క్యోయికు', అంటే బోధకుల హోదా. హోదా మార్చుకోకుండా, లేదా అదనపు పనికి అనుమతి తీసుకోకుండా, ఖాళీ రోజుల్లో ఒక్క క్లాసు చెప్పినా అది అనుమతి లేని పని. అప్పుడు మేనేజరు బెదిరింపుకు మీరే ప్రాణం పోసినట్టవుతుంది. ఉద్యోగం మంచిదైతే ఆఫరు కాగితం తీసుకుని, ఏప్రిల్ నుంచి చేరతానని చెప్పి, హోదా మార్పుకు దరఖాస్తు చేసి, అనుమతి వచ్చాకే తరగతి గదిలో అడుగు పెట్టండి.

ఆ దరఖాస్తులో మనవాళ్లు తట్టుకుని పడే రాయి ఒకటుంది. క్యోయికు హోదా మీద విదేశీ భాష నేర్పాలంటే, ఆ భాషలోనే కనీసం 12 ఏళ్లు చదువుకుని ఉండాలి. ఇంగ్లీషు మీడియంలో చదివానని మనం చెబితే చాలదు, బడి లెటర్‌హెడ్ మీద ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు ఏ మాధ్యమంలో చదివారో రాసి, సంతకం, ముద్ర ఉండాలి. కాలేజీ నుంచీ అలాగే. రెండు మూడు బడులు మారి ఉంటే అన్నింటి నుంచీ తెప్పించాలి. పాత రిజిస్టర్లు తీయించడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఇంటివాళ్లలో ఒకరిని ఈ సోమవారమే బడికి పంపండి.